ఉప్పల్‌లో ఒక్క పరుగు ఫైనల్

2017 మే 21న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో జరిగిన ఐపీఎల్ ఫైనల్లో రెండు జట్లూ 130 పరుగులు దాటలేదు. టాస్ గెలిచి బ్యాటింగ్‌కు దిగిన ముంబయి 79 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకుంది. కృనాల్ పాండ్యా 47 పరుగులతో నిలబడబట్టి స్కోరు 129కి చేరింది. పుణె బౌలర్ ఉనద్కత్ 4 ఓవర్లలో ఇచ్చింది 19 పరుగులే.

లక్ష్యం చిన్నదే. రహానే 44, స్మిత్ 51 చేశారు కూడా. అయినా పరుగుల వేగం పెరగలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది.

చివరి ఓవర్లో 11 పరుగులు కావాలి. జాన్సన్ వేసిన తొలి బంతిని తివారీ ఫోర్ కొట్టి, రెండో బంతికి పొలార్డ్‌కు దొరికిపోయాడు. మూడో బంతికి స్మిత్ కొట్టిన షాట్‌ను గుంటూరు ఆటగాడు అంబటి రాయుడు ఒడిసిపట్టాడు. తర్వాత ఒక బై, రెండు పరుగులు. ఆఖరి బంతికి నాలుగు కావాలి. క్రిస్టియన్ రెండు పూర్తిచేసి, మూడోదానికి పరుగెత్తుతూ రనౌటయ్యాడు. అది దక్కి ఉంటే సూపర్ ఓవరే.

బేస్‌బాల్‌లో ఇంత బిగువు స్కోర్లు కొత్త కాదు. 1991 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో మిన్నెసోటా పది ఇన్నింగ్స్ ఆడి అట్లాంటాపై 1–0తో గెలిచింది. పరుగుల మోతకు అలవాటుపడ్డ టీ20లో మాత్రం ఇది అరుదు. 2019 ఫైనల్లోనూ ముంబయి ఉప్పల్‌లోనే చెన్నైని ఒక్క పరుగుతో ఓడించింది.