కోనీ ఐలండులోని రాత్రి వినోదములు

తిరునాళ్ళలో పగటిపూట చూచిన రంగులరాట్నమే దీపములు పెట్టిన పిదప చూచినచో వేరొక వస్తువువలె తోచును. పెచ్చులూడిన కొయ్యగుఱ్ఱము సయితము పెట్రోమాక్సు వెలుతురులో ఉచ్చైశ్శ్రవమైపోవును. ఈ రహస్యమును గ్రహించి, దానిమీద లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి వ్యాపారము నడపిన చోటొకటి అమెరికాలో నుండెను. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ భాగమునకు దక్షిణపు కొసను, సముద్రపుటొడ్డున కోనీ ఐలండు అను ప్రదేశము కలదు. పేరునకు ద్వీపమే గాని, నడుమనున్న పాయ పూడిపోయి యిప్పుడది నేలతో కలిసియున్నది. అచట మూడు వినోదవనములు దగ్గఱ దగ్గఱగా వెలసినవి: 1897లో స్టీపుల్‌చేజ్, 1903లో లూనా పార్కు, 1904లో డ్రీమ్‌లాండు. ఆ వనములలో దీపములు పెట్టిన తరువాత ఏమేమి ప్రదర్శించిరో, ఆ ప్రదర్శనములలో స్త్రీలకును శిశువులకును ఎట్టి పాత్ర లభించెనో సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసము.

లూనా పార్కును స్థాపించినవారు ఫ్రెడరిక్ థాంప్సను, ఎల్మర్ డండీ అను నిరువురు. వారు తలుపులు తెఱచినది 1903 మే 16వ తేదీన, చీకటిపడిన తరువాత. ఒక్కమాఱుగా రెండులక్షల యేబదివేల విద్యుద్దీపములు వెలిగినవి. ఆనాటికి న్యూయార్కు పేదల యిండ్లలో కిరసనాయిలు బుడ్డియో గ్యాసుదీపమో తప్ప వేఱు వెలుగు లేదు. పగలెల్ల కుట్టుమిషనుమీద వంగి పనిచేసిన పడుచుపిల్ల పది సెంట్లు చెల్లించి ఆ గోపురముల నడుమ నిలిచినప్పుడు ఆమె కెట్లుండెనో మనమూహింపవచ్చును. లోపల ‘చంద్రలోకయాత్ర’ యని యొక యాట. రెక్కలల్లార్చు నోడలో నెక్కించి, తెరలును దీపములును కదల్చి, చంద్రుని మీద దిగినట్లు భ్రమింపజేసి, పొట్టివారిచేత చంద్రలోకవాసుల వేషములు కట్టించి యెదురుకోలు చేయింతురు. అది కేవలము ముచ్చట. అందు దోషమెంచవలసిన దేమియు లేదు.

కాని ఆ విద్యుత్తు ఆ వనమున చేసిన మొదటి ఘనకార్యము వేఱు. వనము ఇంకను కట్టుచుండగనే, 1903 జనవరి 4వ తేదీన, టాప్సీ యను ఆడయేనుగును అచటనే చంపిరి. అది యొక మనుష్యుని చంపిన జంతువు. దానిని బహిరంగముగా ఉరిదీసి, ఆ వేడుకకు టిక్కెట్టు పెట్టవలెనని యజమానులు తలచిరి. జంతుహింసను నివారించు సంఘమువారు అడ్డుపడినందున ఆ యాలోచన మానుకొని, ఆహూతులయెదుట విషము పెట్టి, విద్యుత్తు పారించి, మెడకు మోకు బిగించి చంపిరి. ఎడిసన్ కంపెనీవారు దానిని చలనచిత్రముగ కూడ పట్టిరి. వినోదమనగా ఏమియో, ఎంతవఱకో తెలియని కాలమది యని నేననుకొందును.

స్టీపుల్‌చేజ్ వనము జార్జి టిల్యూ అనువానిది. ఇనుపపట్టాలమీద పరుగెత్తు కొయ్యగుఱ్ఱముల పందెము అచట ప్రధానవినోదము. ఆలుమగలుగాని వలచుకొన్నవారుగాని ఒకే గుఱ్ఱముమీద కూర్చుండి పందెమాడుదురు. పందెము ముగిసిన పిదప వెలికిపోవు త్రోవ వంకరలు తిరిగి తిరిగి, తటాలున దీపములు వెలుగుచున్న యొక రంగస్థలముమీదికి తెచ్చి విడుచును. నేలలోని కంతలనుండి గాలి ఫెళ్ళున నెగదన్నును. స్త్రీల పావడాలు పైకి లేచును. మగవాని టోపీ యెగిరిపోవును. విదూషకుడొకడును మరుగుజ్జు వాడొకడును చేరి, విద్యుత్తు పారు కోలతో మగవానిని చురుక్కుమనిపింతురు. ఎదుట బల్లలమీద కూర్చున్న జనము పకపక నవ్వుదురు. నిండుసభలో ఒక యిల్లాలి చీరమీద చేయివేసినందులకు మన కథలో కురుక్షేత్రము జరిగినది. అచట దాదాపు అట్టిపనికే టిక్కెట్టు పెట్టిరి. దీనిని హాస్యమని నేనొప్పుకొనజాలను. అయినను నిజము నిజముగ చెప్పవలెను గదా: ఆ రంగస్థలము దిగిన స్త్రీ ఇంటికి పరుగెత్తలేదు. బట్టలు సవరించుకొని, అవే బల్లలమీద చోటు చూచుకొని కూర్చుండి, వెనుక వచ్చు ఆమెను చూచి తానును నవ్వెను.

ఇక డ్రీమ్‌లాండు. దీని భవనములన్నియు తెల్లనివి. నడుమ 375 అడుగుల గోపురము. రాత్రి దీపములతో నది వెలుగుచుండగా సముద్రముమీద దూరమున పోవు ఓడలవారికి సయితము కనబడుచుండెను. ఇచటి ముఖ్యప్రదర్శనము పేరు ‘మంటలతో పోరు’. ప్రేక్షకులు మెట్లబల్లలమీద కూర్చుందురు. ఎదుట నిజమైన వీధివలె కట్టిన వీధి. అందొక ఎత్తైన మేడ. అంగళ్ళు, బండ్లు, బాటసారులు. కొంతసేపటికి మేడలో పొగ. తరువాత మంట. పైయంతస్తుల కిటికీలలో స్త్రీలు నిలిచి చేతులు చాచి కేకలు వేయుదురు. గంటలు మ్రోగించుకొనుచు గుఱ్ఱపుబండ్లమీద ఆవిరియంత్రములు వచ్చును. నిచ్చెనలు లేచును, గొట్టములనుండి నీరు చిమ్మును. నిచ్చెనలందని పై కిటికీలనుండి స్త్రీలు దుముకుదురు. క్రింద వలలు పట్టినవారు వారిని పదిలముగ పట్టుకొందురు. మంట యాఱును. జనులు చప్పట్లు కొట్టుదురు. మఱల కొంతసేపటికి మఱియొక యాట. లూనా పార్కులోను ఇట్టి యాటయే నడచుచుండెను. అంతేకాదు, డ్రీమ్‌లాండులో మున్నూఱుమంది పొట్టివారిని కాపురముంచిన చిన్నపట్టణమొకటి కట్టి, దానికి ప్రత్యేకముగ నొక అగ్నిమాపకదళమును గూడ నేర్పఱచిరి. గంటగంటకు ఉత్తుత్తి మంటలార్పుటకు వారు పరుగెత్తుచుండిరి.

తామున్న యిండ్లు ఎప్పుడంటుకొనునో యని భయపడుచు ఇఱుకుమేడలలో కాపురమున్నవారే ఆ బల్లలమీద కూర్చున్నవారిలో పెక్కుమంది. తమ భయమునే డబ్బిచ్చి చూచుట వింతగ తోచవచ్చును. కాని రంగస్థలముమీది మంటకొక గుణము కలదు. అది వేళకు ఆఱును, అందఱును బ్రదుకుదురు. ఊరిలోని మంట కాగుణము లేదు. 1911 మార్చి 25వ తేదీన న్యూయార్కు నడిబొడ్డున ట్రయాంగిల్ అను రవికెల కార్ఖానాలో నిప్పంటుకొనెను. కార్ఖానా ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తులలో నుండెను. అగ్నిమాపకుల నిచ్చెనలు ఆఱవ అంతస్తువఱకే యందినవి. ఒక తలుపునకు తాళము వేసియుండెను. ఆడపిల్లలు కిటికీలనుండి దుమికిరి. వలలు ఆ బరువున కాగక చినిగిపోయినవి. మొత్తము 146 మంది మరణించిరి. వారిలో అత్యధికులు వలసవచ్చిన కుటుంబముల పడుచులు. వారిలో ఎందఱు కోనీ ఐలండు బల్లలమీద కూర్చుండి చప్పట్లు కొట్టిరో ఎవ్వరెఱుగుదురు?

ఆ తరువాత రెండుమాసములకు డ్రీమ్‌లాండు వంతు వచ్చెను. ఆ కథ చెప్పుటకు ముందు, ఆ వనములోనే యున్న మఱియొక ప్రదర్శనశాలను గూర్చి చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది అదియే.

సింహముల యాటలకును అరచి పిలుచు టిక్కెట్టువాండ్రకును నడుమ శుభ్రమైన శాలయొకటి యుండెను. లోనికి పోయినచో అద్దపు తలుపులుగల ఉక్కుపెట్టెలు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క శిశువు. బొమ్మ కాదు, నెలలు నిండకుండ పుట్టిన, ఊపిరి పీల్చుచున్న శిశువు. వెలుపలి గాలిని శుభ్రపఱచి, వేడినీటి గొట్టములమీదుగ నడపి పెట్టెలోనికి పంపుదురు. పైన పొగగొట్టమువంటి దానిలో చిన్న చక్రము గిఱ్ఱున తిరుగుచుండును. అది తిరిగినంతకాలము లోపల గాలి ఆడుచున్నట్లు గుర్తు. ఈ శాలను నడపినవాడు మార్టిన్ కూనీ. 1903లో లూనా పార్కున ఆరంభించి, మఱుసటియేడు డ్రీమ్‌లాండులోను నొకటి తెఱచెను.

ఈ పెట్టె పుట్టుక కూడ చిత్రమే. పారిస్ నగరమున టార్నియే యను ప్రసూతివైద్యుడు అచటి జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు యంత్రమును చూచి, అట్టిదానినే నెలతక్కువ బిడ్డలకు చేయించెను. 1880వ సంవత్సరము వచ్చుసరికి ఆసుపత్రిలో దానిని వాడుచుండిరి. అట్టి పెట్టెలను 1896లో బెర్లిన్ ప్రదర్శనమున ప్రజలకు చూపిరి. జనము విరుగబడి చూచిరి. అమెరికాలో నప్పటికి ఆసుపత్రులు చాలవఱకు ఈ పెట్టెల నుంచుకొనలేదు. ఏడవనెల బిడ్డ పుట్టినచో వెచ్చని గుడ్డలో చుట్టి, దైవముమీద భారము వేయుటయే పద్ధతి. మన యిండ్లలో పెద్దమ్మలు దూదిలో చుట్టి, కుంపటి చెంత పెట్టుకొని రాత్రింబగళ్ళు కాచిన బిడ్డల కథలు మనమెఱుగనివి కావు గదా.

కూనీ బిడ్డల తల్లిదండ్రులనుండి ఒక్క సెంటయినను తీసికొనలేదు. ఖర్చంతయు చూడవచ్చినవారి టిక్కెట్టు సొమ్మునుండియే. మొదట పది సెంట్లు, తరువాతి కాలమున ఇరువదియైదు. ఆ సొమ్ముతో శిక్షణపొందిన నర్సులను, చనుబాలిచ్చు దాదులను అచటనే యుంచి పోషించెను. దాదుల ఆహారము విషయమున అతడు కడు నిక్కచ్చి. వీధి యంగడిలో చిల్లర తిండి తినుచు పట్టుపడిన దాదిని పనినుండి తొలగించెడివాడు. రెక్ట్ అను పేరుగల ముఖ్యమైన నర్సు తన వ్రేలి వజ్రపుటుంగరమును తీసి, శిశువు చేతికి తొడిగి, మణికట్టు దాటించి చూపెడిది. చూపఱులు నిశ్చేష్టులగుచుండిరి. అది చమత్కారమే, ఆకర్షణకై చేసినపనియే. కాని ఆ చేతి కొలత యెంతటిదో వేఱువిధముగ చెప్పినచో ఎవరికి బోధపడును? 1907లో కూనీకే నెలలు నిండని కూతురు పుట్టెను. ఆమెను గూడ నట్టి పెట్టెలోనే యుంచి బ్రదికించుకొనెను. ఆమె పెరిగి నర్సయి, తండ్రి శాలలోనే పనిచేసినది.

బిడ్డలను సంతలో పెట్టుట క్రూరమని శిశుసంరక్షణ సంఘమువారు ఆక్షేపించిరి. ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. నడిరేయి వఱకు బాజాలు, కేకలు, సింహగర్జనలు. నడుమ రెండు మూడు పౌనుల ప్రాణి. పైగా, కూనీ నిజముగ వైద్యపట్టము పొందినట్లు ఆధారమేదియు దొరకలేదని తరువాతివారి పరిశోధనలలో తేలినది. అతడు తన చేతికి వచ్చిన బిడ్డలు ఎనిమిదివేలనియు, అందాఱువేల యైదువందలమంది బ్రదికిరనియు చెప్పుకొనెను. అది యతని లెక్క. ఆ లెక్కలో కొంత తగ్గించినను, ఆసుపత్రి వద్దన్న బిడ్డను సంతవాడు తీసికొనెననుమాట మిగులును.

1911 మే 26వ తేదీ రాత్రి, కొత్త ఋతువునకు తలుపులు తెఱచుటకు ముందునాడు, డ్రీమ్‌లాండులో ‘నరకద్వారము’ అను పడవయాటకు మరమ్మతు జరుగుచుండెను. నీటి సుడిలో పడవను తిప్పి పాతాళమునకు దింపు ఆట యది. పనివాండ్రు తారు కాచి నీరుకారుచోట పూయుచుండిరి. అర్ధరాత్రి దాటిన పిదప దీపములు పేలి ఆఱిపోయినవి. ఆ చీకటిలో ఎవరి కాలో తగిలి కాగుచున్న తారు బాల్చీ ఒరిగెను. కొయ్యతోను, గారతోను కట్టిన భవనములు గనుక, నిప్పు ఒకదానినుండి మఱియొక దానికి గాలివలె పోయెను. నిప్పుతో ఆడి జనులను మెప్పించిన వనము నిజమైన నిప్పునకు మాత్రము నిలువలేదు. గోపురము కూలెను. అరువదివఱకు జంతువులు చచ్చినవి. ఒక సింహము జూలు కాలుచుండగా వీధిలోనికి పరుగెత్తి రాగా కాల్చి చంపిరి.

పెట్టెలలోని శిశువులు కూడ కాలిపోయిరని మొదట వార్త పొక్కెను. అది యసత్యము. ఆ పొగలో, ఆ కేకలలో దాదులు మొదలగువారు బిడ్డలను గుడ్డలలో చుట్టుకొని వెలికి తెచ్చి, అందఱిని బ్రదికించిరి. ఆ రాత్రి వనములో మనుష్యప్రాణమొక్కటియు పోలేదు. వలలు పట్టినవారును లేరు, చప్పట్లు కొట్టినవారును లేరు.

డ్రీమ్‌లాండును మఱల కట్టలేదు. 1957 నుండి ఆ చోట న్యూయార్కు మత్స్యప్రదర్శనశాల యున్నది. లూనా పార్కు 1944లో అగ్నికాహుతియయ్యెను. (ఆ పేరుతో 2010లో కోనీ ఐలండులోనే మఱియొక వనమును తెఱచిరి.) స్టీపుల్‌చేజ్ 1964లో మూతపడెను. కూనీ శాల మాత్రము కోనీ ఐలండులోనే 1943 వఱకు నడచినది. అప్పటికి న్యూయార్కు ఆసుపత్రులలోనే నెలతక్కువ బిడ్డలకు ప్రత్యేకమైన వార్డు లేర్పడినవి. 1950లో కూనీ మరణించెను.

1920లో న్యూయార్కున కవలలు పుట్టిరి. ఒక బిడ్డ పుట్టగనే పోయెను. రెండవది ఆడపిల్ల, తూకము రెండు పౌనులు. బ్రదుకదని ఆసుపత్రివారు చెప్పిరి. తండ్రి వినక, బిడ్డను తువాలులో చుట్టి, టాక్సీ నెక్కి తిన్నగా కోనీ ఐలండునకు పోయెను. ఆ బిడ్డ ఆఱుమాసములు అద్దపుపెట్టెలో జనులకు కనబడుచు పెరిగినది. ఆమె తొంబదియేండ్లు దాటిన పిదప, 2015లో, తన కూతురితో రేడియోలో ఈ కథ చెప్పెను. పడుచుదనమున తానొకనాడు ఆ శాలకు పోయి కూనీకి తన్ను తాను తెలుపుకొన్నదట. ఆ సమయమున ఒక పెట్టెయెదుట ఎవరో యొక తండ్రి తన బిడ్డను చూచుచు నిలిచియుండెనట. కూనీ అతని భుజము తట్టి, ఆమెను చూపి, ఈ యమ్మాయి కూడ మా బిడ్డయే, నీ బిడ్డయు నిట్లే పెరుగునని చెప్పెనట.