తన్ను తాను తిని బ్రతికే కణం

"ఆపరేషను చేశారు, కరెంటు పెట్టారు, మాత్రలు వేశాం. అయినా కంతి మళ్ళీ యెందుకు పెరిగిందిరా? నేనొక పూట మాత్ర మరచిపోయినందుకేనా?" అని మా అక్కయ్య అడిగింది. బావగారు పోయి అప్పటికి నెల. నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను.

పాత నగలు కరిగించి కొత్తవి చేయించుకుంటాం కదా! మన శరీరంలో ప్రతి కణమూ అంతే. తిండి చాలనప్పుడు తనలోని పాడైన భాగాలను మూటకట్టి, జీర్ణరసాలున్న సంచిలో కరిగించి, ఆ సరుకుతోనే కాలం గడుపుకుంటుంది. 1963లో క్రిస్టియన్ ద డ్యూవ్ దీనికి 'ఆటోఫజీ', అనగా స్వభక్షణం, అని పేరు పెట్టాడు. ఈస్టు కణాలలో దీని జన్యువులను కనిపెట్టిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమానం వచ్చింది.

చిక్కేమిటంటే, యీ విద్య కంతికీ తెలుసు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కంతిని టెమొజొలొమైడ్ మాత్ర దెబ్బతీయగానే, కొన్ని కణాలు యిలాగే సర్దుకుని ప్రాణం నిలుపుకుంటాయి.

మరి ఆ సంచినే పనిచెయ్యనివ్వకపోతే? మలేరియా మందు క్లోరోక్విన్‌కు ఆ శక్తి వుంది. దాని చుట్టమైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను అమెరికాలో రోగులకు జోడించి చూశారు. 2014లో ఫలితం వెలువడింది: రోజుకు 600 మిల్లీగ్రాములు మించితే రోగులు తట్టుకోలేకపోయారు, ఆయుర్దాయమూ పెరగలేదు. అంతకంటె మేలైన మందు కోసం పరిశోధన సాగుతూనే వుంది.

ఇదంతా అక్కయ్యకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అయితే తప్పు నాది కాదన్నమాట" అని కళ్ళు తుడుచుకుంది.