చీకటి కన్నా టార్చే భయపెడుతుంది

హైదరాబాద్‌లో నక్షత్రాలు చూసే అలవాటున్నవాళ్లు అమావాస్య దగ్గరపడితే టెలిస్కోపులు బండికెక్కించుకుని వికారాబాద్ దారి పడతారు. డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అనంతగిరి గుట్టల మీద నిలబడితే తూర్పు అంచున నగరపు వెలుగు పాలిపోయినట్టు కనిపిస్తుంది గానీ, మిగతా ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. ఆ నలుపు వాళ్లకు కావలసిన సరుకు. దాన్ని చూసి ఎవరూ జడుసుకోరు. సరిగ్గా అదే రాత్రి, వాళ్ల ఈడు కుర్రాడొకడు ట్యూబ్‌లైటు వెలుగుతున్న ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ తెర మీద కనిపించే ఒక చీకటి నడవాలోకి అడుగు వేయడానికి జంకుతాడు. చేతిలో తుపాకీ ఉన్నా సరే. చీకటే భయానికి మూలమైతే అనంతగిరి మీద భయపడాలి, ఇంట్లో ధైర్యంగా ఉండాలి. జరిగేది తలకిందులుగా ఉంది. హారర్ షూటర్ గేముల్లో భయం పుట్టేది చీకటి ఎంత చిక్కగా ఉందన్న దాని నుంచి కాదనీ, కాస్త వెలుగు కోసం ఆటగాడు ఏం వదులుకోవలసి వస్తుందన్న దాని నుంచనీ నా వాదన. ఆ గేముల తయారీలో ముప్పయ్యేళ్లుగా జరుగుతున్నదీ, కంటి శాస్త్రం చెబుతున్నదీ ఈ మాటనే బలపరుస్తున్నాయి.

ముందు చీకటికి ఇవ్వవలసిన వాటా ఇచ్చేద్దాం. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే మనిషి ఉలిక్కిపడి రెప్ప వేస్తాడు. ఆ రెప్పపాటు ఎంత బలంగా ఉందో కంటి చుట్టూ ఉన్న కండరం మీద ఎలక్ట్రోడులు అతికించి కొలవవచ్చు. క్రిస్టియన్ గ్రిల్లన్, మైకేల్ డేవిస్ తదితర పరిశోధకులు 1997లో ప్రచురించిన ప్రయోగంలో, అదే చప్పుడుకు వెలుగులో కన్నా చీకట్లో మనుషులు ఎక్కువగా ఉలిక్కిపడ్డారు. అదే ఏడాది డేవిస్ మరో సహచరుడితో కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం: ఎలుకలు చీకట్లో స్థిమితంగానే ఉన్నాయి, ప్రకాశవంతమైన వెలుగులో పెట్టినప్పుడే ఎక్కువ ఉలికిపాటు చూపాయి. రాత్రి తిరిగే జంతువుకు వెలుగు ముప్పు, పగలు తిరిగే జంతువుకు చీకటి ముప్పు. అంటే భయం నలుపు రంగులో లేదు. ఏ స్థితిలో తన ఇంద్రియాలు తనకు అక్కరకు రావో ఆ స్థితిని ప్రాణి ముందుగానే అనుమానిస్తుంది. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

అసలు చీకట్లో మన కన్ను అంత చేతకానిదేమీ కాదు. రెటీనాలో రంగుల్ని, సూక్ష్మమైన వివరాల్ని పట్టే శంకు కణాలు సుమారు 60 లక్షలుంటే, మసక వెలుగులో పనిచేసే దండ కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి. వెలుగులో నుంచి చీకట్లోకి వచ్చాక వాటిలోని రొడాప్సిన్ అనే వర్ణకం మళ్లీ కూడుకోవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ అరగంట ఓపిక పడితే చుక్కల వెలుగులోనే కాలిబాట తెలుస్తుంది. కాకపోతే ఒక తిరకాసు ఉంది. మనం దేన్ని సూటిగా చూస్తామో దాని ప్రతిబింబం పడే చోట, రెటీనా నడిబొడ్డున, దండ కణాలు లేవు. అందుకే మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే ప్రత్యక్షమవుతుంది. చెట్టు పక్కన ఏదో కదిలినట్టనిపించి చటుక్కున అటు తిరిగితే ఏమీ ఉండదు. ప్రపంచంలో సగం దెయ్యం కథలకు ఈ ఒక్క శరీరధర్మం చాలేమో.

తెర మీద చీకటికి ఈ గుణాలేవీ ఉండవు. మామూలు ఎల్‌సీడీ తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న ద్రవస్ఫటికాల పొర దాన్ని పూర్తిగా ఆపలేదు. తెల్లటి బొమ్మ చదరపు మీటరుకు 300 క్యాండెలాల కాంతినిస్తే, నల్లటి బొమ్మ నుంచి 0.3 దాకా కారుతూనే ఉంటుంది. దీనికి గది వెలుగు తోడు. ఓ మోస్తరు లైటున్న గదిలో సున్నం వేసిన గోడ 50 క్యాండెలాల కాంతితో కనిపిస్తుందనుకుంటే, తెర మీది గాజు అందులో 4 శాతాన్ని, అంటే 2 క్యాండెలాలను, మన కళ్లలోకి తిప్పికొడుతుంది. ఆట తయారుచేసినవాళ్లు పెట్టిన నలుపు కన్నా గోడ నీడే ఆరేడు రెట్లు ప్రకాశవంతం. పిక్సెల్‌ను పూర్తిగా ఆర్పేయగల ఓలెడ్ తెర మొదటి లోపాన్ని దిద్దుతుంది గానీ, గాజు మీది గోడను చెరపలేదు. ఇంత వెలుగులో దండ కణాలు పూర్తిగా మేలుకోవు. కాబట్టి తెర మీద మనం చూసేది చీకటి వేషం కట్టిన బూడిదరంగు. నిజమైన చీకటి దొరకని చోట భయాన్ని ఎలా పుట్టించాలి? గేము తయారీదారులు కనిపెట్టిన దారి ఒక్కటే: చూపును రేషన్ సరుకు చేయడం.

1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే షూటర్ ఆటలో ఇది మొరటుగా మొదలైంది. ఆట పటంలోని ఒక్కో భాగానికీ సున్నా నుంచి 255 దాకా ఒక వెలుగు అంకె, దూరం పెరిగేకొద్దీ మసకబారే గోడలు, అక్కడక్కడా మిణుకుమనే దీపాలు. నీడలు లేవు. పదకొండేళ్ల తర్వాత, 2004 ఆగస్టులో, దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ 3 విడుదల చేసింది. అందులో ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ రాసిన ఇంజిన్, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్, ప్రతి దీపానికీ నీడను అప్పటికప్పుడు లెక్కగట్టేది. దీపం నుంచి బయలుదేరి వస్తువు అంచుల్ని తాకుతూ వెనక్కి సాగే గీతల్ని ఊహిస్తే, వాటి మధ్య చిక్కుకున్న జాగా అంతా నీడ. తెర మీది ఒక్కో చుక్కా ఆ జాగాలో ఉందో లేదో చూసి, ఉంటే ఆ దీపం పని దాని మీద ఆపేస్తారు. అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. గాలికి ఊగే దీపం కింద నీడ కూడా ఊగుతుంది. అయితే ఆ ఆటను గుర్తుపెట్టుకున్నవాళ్లు నీడల లెక్కను కాదు, ఒక షరతును గుర్తుపెట్టుకున్నారు. టార్చి పట్టుకుంటే తుపాకీ లేదు, తుపాకీ పట్టుకుంటే టార్చి లేదు. మూలలో ఏముందో చూడొచ్చు, లేదా కాల్చొచ్చు. రెండూ ఒకేసారి కుదరవు.

దీని మీద వచ్చిన వెక్కిరింతలు ఇన్నీ అన్నీ కావు. కథ ప్రకారం అంగారక గ్రహం మీద స్థావరం కట్టిన మనుషులకు టార్చిని తుపాకీకి అతికించే టేపు దొరకలేదా అని ఆటగాళ్లు నవ్వారు. ఆట వచ్చిన కొద్ది రోజులకే ఒక అభిమాని సరిగ్గా ఆ పనే చేసే మార్పును తయారుచేసి అందరికీ పంచాడు. 2012లో వచ్చిన కొత్త కూర్పులో సంస్థే దిగివచ్చి టార్చిని కవచానికి తగిలించింది. ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. కథలో పొసగని షరతు ఆటగాడికి రచయిత చెయ్యి చూపిస్తుంది, చెయ్యి కనిపిస్తే భయం పోతుంది. కానీ అభిమాని చేసిన ఆ మార్పుతో షరతు పోయాక ఏమైందో కూడా చూడాలి. నడవాలు అవే, నలుపు అంతే, రాక్షసులు వాళ్లే. పోయింది ఒక్కటే, వెలుగు కోసం ఏదో వదులుకోవలసిన అవసరం. దానితో పాటే బెరుకూ తగ్గిందన్న మాట పాత ఆట ఎరిగినవాళ్ల నోట తరచు వినిపిస్తుంది. చీకటిని కదపకుండా ధరను మాత్రం మార్చి చూసినట్టయింది కాబట్టి, నా లెక్కలో ఇది దాదాపు ప్రయోగశాలలో చేసిన పరీక్షతో సమానం.

తర్వాతి ఆటలు ధర వసూలు చేయడం మానలేదు, నమ్మదగ్గ సాకు వెతుక్కున్నాయి. 2005 నాటి ఫియర్‌లో టార్చి బ్యాటరీ కాసేపటికి అయిపోతుంది, మళ్లీ నిండేదాకా ఆగాలి. ఉక్రెయిన్‌కు చెందిన 4ఏ గేమ్స్ 2010లో తెచ్చిన మెట్రో 2033లో చేతిమీటతో చార్జరు నొక్కుతూ టార్చిని బతికించుకోవాలి. పైగా చేతి గడియారం మీద ఒక చిన్న దీపం, నువ్వు శత్రువుకు కనిపిస్తున్నావని హెచ్చరిస్తుంది. అక్కడ వెలుగు నీకు చూపునిస్తుంది, నిన్నూ చూపిస్తుంది. 2008 నాటి డెడ్ స్పేస్‌లో ఆయుధం గురిపెట్టినప్పుడే టార్చి వెలుగుతుంది, అంటే చూడాలనుకుంటే గురిపెట్టాలి, గురిపెడితే నడక మందగిస్తుంది. ఫిన్‌లాండ్‌వాళ్ల అలన్ వేక్ అయితే టార్చినే ఆయుధం చేసింది. శత్రువును కప్పిన చీకటిని ముందు వెలుగుతో కాల్చాలి, ఆ తర్వాతే తూటా పనిచేస్తుంది.

టార్చి వెలుగుకు దాని సొంత రేఖాగణితం ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. అయిదడుగుల దూరంలో గోడ తెల్లగా మండిపోతుంటే ఇరవై అడుగుల దగ్గర దానికి అందేది పదహారో వంతు. దగ్గరి వెలుగుకు కన్ను సర్దుకునేసరికి దూరం నల్లబడుతుంది. ఆ మేరకు టార్చి తన చుట్టూ చీకటిని తానే తయారుచేస్తుంది. దీపం కంటికి ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంతగా వస్తువుల వెనకే దాక్కుంటాయి, దృశ్యం చదునుగా మారుతుంది. అదే చేతిని పక్కకు చాచి పట్టుకుంటే ప్రతి స్తంభం పక్కనా ఒక నల్లటి పట్టీ మొలుస్తుంది, మనం కదిలితే అదీ కదులుతుంది. నీడ కదిలిందా, దాని వెనక ఎవరైనా కదిలారా అన్న సందేహం ఆ పట్టీలోనే ఉంటుంది.

వెలుగు పడే వస్తువు సంగతి కూడా తేలిగ్గా తీసేయకూడదు. తెలంగాణలో తాండూరు బండలు పరచిన ఇళ్లు, బడులు, రైల్వే ప్లాట్‌ఫారాలు కోకొల్లలు కనుక ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. పొరలు పొరలుగా విడిపోయే ఈ సున్నపురాయి నీలి బూడిదరంగులో, పసుపులో దొరుకుతుంది. గనిలో నుంచి తీసిన గరుకు బండ మీద టార్చి వేస్తే వెలుగు నలుదిక్కులా చెదురుతుంది, బండంతా ఒకే తీరున తెల్లగా కనిపిస్తుంది, గదిలో మూలమూలకూ కాస్త కాస్త వెలుగు పాకుతుంది. అదే బండను పాలిష్ పట్టించి పరచండి. ఏటవాలుగా వేసిన టార్చి వెలుగులో కొంత అద్దం మీద పడ్డట్టు ముందుకు జారిపోతుంది, మన వైపు తిరిగి వచ్చేది తగ్గుతుంది. కాళ్ల దగ్గర నేల నల్లగా, ఎదుటి తలుపు మీద మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఒక మెరుపు. బండ తడిస్తే మరీ నలుపు: రాయి నుంచి పైకి వచ్చే వెలుగులో కొంత నీటి పొర లోపలే వెనక్కి మళ్లి మళ్లీ రాతిలోకి ఇంకిపోతుంది. ఇవాళ్టి గేమ్ ఇంజిన్లలో ప్రతి ఉపరితలానికీ దాని రంగుతో పాటు గరుకుదనానికి సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె ఇస్తారు. దీపం ముట్టుకోకుండా ఆ ఒక్క అంకెను తగ్గిస్తే గది స్వభావమే మారిపోతుంది. ఆట నడవాల్లో నేల ఎప్పుడు చూసినా తడిగా ఎందుకుంటుందో దీంతో తెలుస్తుంది. నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయని మాత్రం ఎవరూ అడగరు.

రాక్షసుల కళ్ల విషయంలో మాత్రం ఈ ఆటలు సులువు దారి తొక్కుతున్నాయి. చీకట్లో వాటంతట అవే మెరిసే ఎర్రటి కళ్లు బొమ్మగా బాగుంటాయి గానీ, నిజంగా మెరిసే కన్ను తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. నక్కకు, జింకకు, పిల్లికి రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉంది, టార్చి పడగానే కళ్లు వెలుగుతాయి. పందికి ఆ పొర లేదు. రాత్రి కావలికి వెళ్లే రైతు టార్చికి నక్క కళ్లు దూరం నుంచే దొరుకుతాయి, చేనును నాశనం చేసే అడవి పంది కళ్లు దొరకవు. మెరిసేవాటిని చూపించి, మెరవనిదాన్ని వాటి మధ్య నిలబెట్టే ఆటను ఎవరైనా చేస్తే బాగుండును.

పట్టపగటి భయం సంగతేమిటని అడగవచ్చు. ఎండలో జరిగే హారర్ ఉంది, చప్పుడుతోనే వణికించే హారర్ ఉంది, కాబట్టి వెలుగుకు ఇంత ప్రాధాన్యమెందుకు? ఈ ప్రశ్న నా వాదనను దెబ్బతీయదు, చీకటే సర్వస్వం అనే వాదనను దెబ్బతీస్తుంది. 1999లో వచ్చిన సైలెంట్ హిల్‌లో పగటి వీధుల నిండా తెల్లటి పొగమంచు. ప్లేస్టేషన్ దూరపు భవనాల్ని గీయలేదు కనుక ఆ లోపాన్ని కప్పడానికి అది అక్కరకొచ్చింది. తెలుపైతేనేం, నాలుగు గజాల అవతల ఏముందో తెలియకపోవడం అదే. ఆ ఆటలో జేబు రేడియో ఒకటి ప్రాణి దగ్గరపడితే గరగరలాడుతుంది, ఎటు నుంచో చెప్పదు. చప్పుడు సమాచారమిస్తుంది, అదీ అరకొరగా. గ్రిల్లన్ ప్రయోగంలోనూ ఉలిక్కిపడేలా చేసింది చప్పుడే, ఎంత ఉలిక్కిపడాలో నిర్ణయించింది మాత్రం దీపం. రెండూ ఒకే జమాఖర్చు పుస్తకంలోని పద్దులు.

ఇంకా గట్టి ఆక్షేపణ బ్రైట్‌నెస్ మీటది. ఇంత పొదుపుగా పెట్టిన చీకటిని ఆటగాడు సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్క వేలితో చెరిపేస్తాడు కదా? చెరిపేస్తాడు. ఆట మొదట్లో ఒక మసక బొమ్మ చూపించి, అది కనీకనిపించనట్టు అయ్యేదాకా మీట జరపమని అడిగేది ఇందుకే. కానీ మీట జరిపిన ప్రతివాడూ దొంగాట ఆడుతున్నాడనుకోవడం పొరపాటు. అరవయ్యేళ్ల మనిషి కనుపాప అంతగా తెరుచుకోదు, కంటి కటకం పచ్చబడుతుంది. ఇరవయ్యేళ్ల కుర్రాడి రెటీనాకు అందే వెలుగులో మూడో వంతు మాత్రమే అతనికి అందుతుంది. గదిలో కిటికీ ఎటుందో, తెర పాతదో కొత్తదో తయారీదారుకు తెలియదు. కాబట్టి భయాన్ని నలుపు మీదే నిలబెట్టిన ఆట మీట జరగ్గానే కూలిపోతుంది. మెట్రోలో మీటను కుడివైపు చివరికంటా జరిపినా, గడియారం మీది చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.