విజ్ఞాన సర్వస్వ వ్యాస పరిశీలన

ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు 'తెలుగు భాష పుట్టుక' అనే అంశంపై ప్రాజెక్టు రాయడానికి అంతర్జాల విజ్ఞాన సర్వస్వం నుండి ఒక వ్యాసాన్ని అచ్చు తీసి నా వద్దకు తెచ్చాడు. మొదటి పుటలో తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష అని ఉంది. నాలుగవ పుటలో అదే తెలుగు సంస్కృతం నుండి జన్మించిందని ఉంది. "ఏది రాయమంటారు మాస్టారూ?" అని అడిగాడు. జవాబు చెప్పడం క్షణం పని. కాని వ్యాసాన్ని నమ్మడం మాని నన్ను నమ్మితే అతనికి కలిగే లాభమేమిటి? అందుచేత ఇద్దరం కూర్చుని ఆ వ్యాసాన్నే పరీక్షకు పెట్టాం.

ఒకే వ్యాసంలో ఈ వైరుధ్యం ఎందుకు వచ్చిందో ముందు తెలుసుకోవాలి. 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను తలపెట్టిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆ కృషి సాగుతుండగానే 1923లో కన్నుమూశారు. అటువంటి గ్రంథానికి సంపాదకుని పాండిత్యమే పూచీ. 2001లో ఆరంభమైన వికీపీడియాలోనూ, 2003లో మొదలైన దాని తెలుగు విభాగంలోనూ పద్ధతి వేరు. అక్కడ ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మొదటి పుట రాసిన చేయి వేరు, నాలుగవ పుట రాసిన చేయి వేరు కావచ్చు. వ్యాసం వెంట ఉండే 'చరిత్ర' పుటను తెరిస్తే ఏ మార్పు ఏనాడు జరిగిందో కనిపిస్తుంది. 'చర్చ' పుటలో వాదోపవాదాలు కనిపిస్తాయి. అచ్చు పుస్తకం చూపని ఈ తెర వెనుక సంగతులను చూసేవారు అరుదు.

ఇక అసలు విషయం. సంస్కృత జన్యమన్న వాక్యానికి వ్యాసం చూపిన కారణం తెలుగులో తత్సమాలు అధికంగా ఉండడం. ఇది చూడగానే మెప్పించే కారణం, కాని భాషాశాస్త్రంలో చెల్లదు. ఆంగ్లంలో లాటిను, ఫ్రెంచి పదాలు కొల్లలుగా ఉన్నా అది జర్మానిక్ శాఖకు చెందిన భాషే. అరువు పదాల సంఖ్య సంపర్కాన్ని చెబుతుందే గాని పుట్టుకను చెప్పదు. పుట్టుకను తేల్చడానికి సర్వనామాలను, సంఖ్యావాచకాలను, శరీరావయవాల పేర్లను, వ్యాకరణ నిర్మాణాన్ని పోల్చి చూడాలి. మన 'కన్ను' తమిళంలో 'కణ్', కన్నడంలో 'కణ్ణు'. మన 'నేను' తమిళంలో 'నాన్', కన్నడంలో 'నాను'. ఇటువంటి పోలికలు నియమబద్ధంగా, వందల పదాల్లో కనిపించినప్పుడే కుటుంబ సంబంధం రుజువవుతుంది.

అయితే సంస్కృతాన్ని భాషలన్నిటికీ తల్లిగా భావించిన సంప్రదాయం మనకు ఉంది. 13వ శతాబ్దికి చెందిన కేతన 'ఆంధ్ర భాషాభూషణం'లో ఆ భావన ఉంది. కావ్యాలు చదువుకొని పెరిగిన నాబోటివానికి ఆ మాటపై మమకారం కూడ ఉంది. మంచి వ్యాసం దానిని దాచకూడదు. పూర్వుల అభిప్రాయంగా, కాలంతో సహా పేర్కొనాలి. కాని ఆ అభిప్రాయాన్ని, నేటి శాస్త్ర నిర్ణయాన్ని ఒకే తక్కెడలో సమానంగా తూచి చూపితే అది నిష్పాక్షికత కాదు, తప్పించుకోవడం.

మొదటి పుటలోని మాట సరైనదే గదా, ఇక చూడనక్కరలేదని మా విద్యార్థి అనుకున్నాడు. అక్కడ కూడ ఒక లోపం బయటపడింది. ద్రావిడ భాషలు ప్రత్యేక కుటుంబమని 1856లో కాల్డ్వెల్ తొలిసారిగా నిరూపించాడని ఆ వాక్యం. కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం ఆ ఏడు వెలువడిన మాట నిజం. కాని అంతకు 40 ఏళ్ల ముందే, 1816లో, మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పోల్చి, తెలుగు సంస్కృత జన్యం కాదని నిరూపించాడు. పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక, మామిడి వెంకయ్య 'ఆంధ్ర దీపిక' నిఘంటువు ఆయనకు తోడ్పడ్డాయి. అంటే ఆ నిరూపణలో తెలుగు పండితుల పాలు కూడ ఉంది. ఆ వాక్యానికి వ్యాసం ఏ ఆధారమూ చూపలేదు. నిజం చెప్పాలంటే, నేను కూడ తరగతిలో చాలా ఏళ్లు కాల్డ్వెల్ పేరే చెప్పాను! ఆధారం అడిగే విద్యార్థి అప్పట్లో నాకు ఎదురుకాలేదు.

ఆధారం ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఏనాటిదో కూడ చూడాలి. పాత గ్రంథాలను అనుసరించిన వ్యాసాలు తెలుగును మధ్య ద్రావిడ శాఖలో చేరుస్తాయి. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో ప్రకటించిన ద్రావిడ భాషల గ్రంథం గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిపి దక్షిణ మధ్య శాఖలో ఉంచింది. దానికి ఆధారమైన లక్షణాలలో వర్ణవ్యత్యయం ఒకటి: తమిళంలో 'ఉరల్' అయినది తెలుగులో 'రోలు' అయింది, 'మరం' అయినది 'మ్రాను' అయింది. పారిభాషిక పదాన్ని వాడి, ఇటువంటి ఉదాహరణ ఒక్కటైనా ఇవ్వని వ్యాసం ఎంత పొడవున్నా పాఠకునికి అక్కరకు రాదు.

సంఖ్యల విషయమూ అంతే. తెలుగు మాతృభాషగా గలవారు 7 కోట్ల 40 లక్షలని, భారతదేశంలో మూడవ స్థానమని ఆ వ్యాసం చెప్పింది. అది 2001 జనాభా లెక్క. 2011 లెక్కలో సంఖ్య 8 కోట్ల 11 లక్షలకు పెరిగింది, స్థానం నాలుగుకు దిగింది. సంవత్సరం రాయకపోవడంతో ఒప్పు కాస్తా తప్పయింది. తెలుగు అత్యంత మధురమైన భాష అన్న వాక్యాన్ని విద్యార్థి తానే ఎర్రసిరాతో కొట్టివేశాడు. నాకు కొంచెం కష్టమనిపించింది గాని అడ్డు చెప్పలేదు. తెలుగు పదాలు ప్రాయికంగా అజంతాలు అన్నది శాస్త్రం, మధురమన్నది మన అభిమానం.

ప్రాజెక్టు పూర్తయిన తరువాత అతడు ఆ విజ్ఞాన సర్వస్వంలోని కాల్డ్వెల్ వాక్యాన్ని సవరించి, ఎల్లిస్ పేరును, 1816 సంవత్సరాన్ని, పీఠిక ఉన్న గ్రంథాన్ని చేర్చాడు. వారం తరువాత 'చరిత్ర' పుట తెరిచి చూశాం. ఎవరో అపరిచితుడు అతని వాక్యంలోని ఒక అచ్చుతప్పు దిద్దాడు. మిగతాది అలాగే ఉంచాడు.