పిల్లల్ని ఎవరికి అప్పగిస్తున్నాం?

వేసవి సెలవులొస్తే ఏలూరు, తాడేపల్లిగూడెం సంఘాల్లో వీబీఎస్ సందడి మొదలవుతుంది. కొల్లేటి లంక గ్రామాల చిన్న మందిరాల్లోనూ పిల్లల పాటలు వినిపిస్తాయి. బాగా పాడతాడు, కథలు చక్కగా చెబుతాడు అంటే చాలు, కొత్తగా వచ్చిన సోదరుడికి పిల్లల తరగతి అప్పగించేస్తాం. ఇంతకుముందు ఏ సంఘంలో ఉన్నాడు, అక్కడినుంచి ఎందుకు వచ్చేశాడు అని అడగం. అడిగితే దైవసేవకుణ్ణి అనుమానించినట్లవుతుందని మన మొహమాటం.

అమెరికాలోని మన తెలుగువారు ఇల్లు కొనేముందు ఆ వీధిలో లైంగిక నేరాలకు శిక్షపడినవారెవరైనా ఉన్నారా అని ఇంటర్నెట్‌లో చూసుకోగలరు. 1994లో న్యూజెర్సీలో ఏడేళ్ల పాప ఎదురింటివాడి చేతిలో హతమయ్యాక వచ్చిన 'మేగన్ చట్టం' ఫలితమది. మన దేశంలోనూ 2018 సెప్టెంబరు 20న అలాంటి జాబితా మొదలైంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహించే ఆ జాబితాలో పేర్లు, ఫోటోలు, వేలిముద్రలు, చిరునామాలు ఉంటాయి. ప్రారంభమైననాడే 4.4 లక్షల నమోదులున్నాయి. అయితే దాన్ని చూడగలిగేది పోలీసులు, దర్యాప్తు సంస్థలే.

మనకు కనిపించినా ఎంతవరకు ఉపయోగం? చేపల చెరువుల గట్లమీది పాకల్లో కాపురముంటూ, పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవారు కొల్లేటి ప్రాంతంలో ఎందరో. అలాంటిచోట చిరునామా ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా పోలీసుల దాకా రాని నేరం ఏ జాబితాలోకీ ఎక్కదు. పిల్లలపై అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు తెలిసినవాడేనని అదే బ్యూరో లెక్కలు చెబుతున్నాయి.

తామారుకు కీడు చేసింది పరాయివాడు కాదు, సవతి అన్న (2 సమూ. 13). అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు. దావీదు విని మండిపడ్డాడు, అంతే! మన పెద్దలు కొందరు ఆ మాత్రం కోపం కూడా తెచ్చుకోరు. సంఘానికి చెడ్డపేరని నలుగురూ కూర్చుని సర్దేస్తారు. ఆ సోదరుణ్ణి పక్క ఊరికి పంపేస్తారు. అక్కడ మళ్లీ సండేస్కూలే.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసీ చెప్పకపోవడం నేరం. ఆరు నెలల దాకా జైలు. తన కిందివారి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బంది పూర్వాపరాలను పోలీసులచేత తనిఖీ చేయించుకోవాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. జాబితా మనం చూడలేం గాని, చూడగలిగినవారిని అడగగలం కదా! హాస్టల్ వార్డెనుకు ఈ తనిఖీ చేయిస్తే, వీబీఎస్ టీచరుకు ఎందుకు వద్దు?

మరి శిక్ష అనుభవించి, మారుమనస్సు పొంది వచ్చినవాడి సంగతి? ఇక్కడ మేమూ తర్జనభర్జన పడ్డాం. సిలువమీది దొంగను చేర్చుకున్న ప్రభువు వాణ్ణి కాదనడు. ఆరాధనకు రానివ్వాలి. అయితే పెద్దలకు విషయం తెలిసి ఉండాలి, పక్కన ఒకరు తోడు కూర్చోవాలి, పిల్లల గదివైపు మాత్రం పోనివ్వకూడదు. ఆ బిడ్డ కుటుంబం అదే మందిరానికి వస్తుంటే, వేరే సంఘం వెతుక్కోవాల్సింది వాడే గాని ఆ బిడ్డ కాదు.