తిప్పడం వేరు, తిరగేయడం వేరు

పోయిన సెలవుల్లో పక్కింటి అక్క కుట్టమని ఇచ్చిన కొత్త రవికగుడ్డ నా చేతిలో పాడైంది. స్కూల్లో బట్టీపట్టి వదిలేసిన ఒక జామెట్రీ పాఠం ఆ దెబ్బతోనే నాకు అర్థమైంది.

మా నాన్నది తెలుగు, అమ్మది తమిళం. ఇంట్లో రెండూ కలిసే నడుస్తాయి. అమ్మ రవికలు కుడుతుంది. ఆరోజు కాగితం నమూనా పెట్టి కుడివైపు ముందు ముక్క నేనే కత్తిరించాను. ఎడమ ముక్కకీ అదే కాగితం. వంటింట్లోంచి అమ్మ "తిరుప్పి పోడు" అంది. తమిళంలో దోశ తిరగేయమనడానికీ అదే మాట. నాకది మన "తిప్పి" లాగా వినిపించింది. కాగితాన్ని గుడ్డమీదే ఉంచి, పైభాగం కిందికి వచ్చేలా సగం చుట్టు తిప్పి, గీసి, కత్తిరించేశాను. తీరా చూస్తే రెండూ కుడి ముక్కలే! పైగా రెండోదాని మీద మామిడిపిందెలన్నీ తలకిందులు.

ఎందుకలా అయింది?

సగం చుట్టు అంటే 180 డిగ్రీల భ్రమణం. కాగితానికి ఒకచోట గుండుసూది గుచ్చి తిప్పుతున్నాం అనుకోండి. సూది ఉన్న చోటు కదలదు, అదే కేంద్రం. మిగతా ప్రతి చుక్కా కేంద్రం గుండా తిన్నగా అవతలివైపుకి, అంతే దూరంలోకి వెళ్తుంది. కేంద్రానికి కుడివైపు 3 సెంటీమీటర్లు, పైకి 2 సెంటీమీటర్లు ఉన్న చుక్క ఎడమకి 3, కిందికి 2 చేరుతుంది. గ్రాఫులో చెప్పాలంటే (3, 2) కాస్తా (−3, −2) అవుతుంది. ఎటువైపు తిప్పినా చేరేది అక్కడికే. ఇంకోసారి సగం తిప్పితే మళ్లీ మొదటికి వస్తుంది.

తిరగేయడం అలా కాదు. పుస్తకంలో పేజీలాగా తిరగేస్తే (3, 2) వెళ్లేది (−3, 2)కి. కుడి ఎడమవుతుంది గానీ పైనున్నది పైనే ఉంటుంది. ఇది అద్దంలో బొమ్మ లాంటిది. ఎడమ అరచేతిని బల్లమీద ఆనించి ఎంత తిప్పినా కుడిచెయ్యి కాదు కదా! నా కాగితమూ అంతే. బల్లమీంచి లేవనంతవరకూ కుడి ముక్క కుడి ముక్కే.

పోనీ కత్తిరించిన ముక్కనే తిరగేయొచ్చుగా అంటారేమో. రెండువైపులా ఒకేలా ఉండే గుడ్డయితే సరిపోయేది. ఇది ప్రింటు గుడ్డ, వెనకవైపు వెలిసినట్టుంటుంది. అందుకే కుట్టేవాళ్లు గుడ్డని రెండు మడతలు వేసి ఒకేసారి కత్తిరిస్తారు. అక్కడ మడతే అద్దం. కుడీ ఎడమా జంటగా వస్తాయి.

కొన్ని ఆకారాలు సగం తిప్పినా తేడా తెలియదు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎస్, ఎన్, జెడ్ చూడండి. తిప్పితే అవే, అద్దంలో చూస్తే తారుమారు. టి, ఎం అందుకు ఎదురు. అద్దంలో అవే, తిప్పితే తలకిందులు. మన లిపిలో సున్న రెండిటికీ నిలుస్తుంది. తలకట్టున్న అక్షరాన్ని తిప్పామా, తలకట్టు కాళ్లకిందికి పోతుంది!

ఏటవాలుగా ఉండే సమాంతర చతుర్భుజం ఒకటి కాగితంతో కత్తిరించి చూడండి. కర్ణం వెంట మడిస్తే అంచులు కలవవు. కర్ణాలు రెండూ కలిసేచోట సూది గుచ్చి సగం తిప్పితే మాత్రం ప్రతి భుజం ఎదుటి భుజం ఉన్నచోట సరిగ్గా కూర్చుంటుంది. ఎదుటి భుజాలు సమానం, ఎదుటి కోణాలు సమానం అని మనం బట్టీపట్టింది ఇదే.

అక్కకి అమ్మ అలాంటి గుడ్డే కొనిచ్చి, కూలి తీసుకోకుండా కుట్టిపెట్టింది. నన్ను ఒక్కమాటా అనలేదు. ఇప్పుడు మాత్రం కత్తెర నా చేతిలో ఉంటే, "తిరగెయ్యి" అని తెలుగులోనే చెబుతోంది.