డ్రూపల్ చిట్టాలో వెయ్యి వరుసలు ఎంతసేపు నిలుస్తాయి?

డ్రూపల్‌తో నడిచే వెబ్‌సైటు మీ బాధ్యతలో ఉంటే ఒక అంకె గుర్తుంచుకోండి: 1000. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ పేజీ దొరకలేదు, కోడ్‌లో ఎక్కడ తప్పు దొర్లింది అన్నవి డ్రూపల్ తన లాగ్‌లో, అంటే వరుసగా రాసుకునే చిట్టాలో, నమోదు చేస్తుంది. మనం ఏమీ మార్చకపోతే తాజా 1000 వరుసలే మిగులుతాయి. పాతవి చెరిగిపోతాయి.

వెయ్యి చాలవా అనిపించవచ్చు. లెక్క వేద్దాం. బాట్‌లు, అంటే మనిషి ప్రమేయం లేకుండా సైట్లను తడిమి చూసే ప్రోగ్రాములు, మీ సైటులో లేని పేజీలను అడుగుతూనే ఉంటాయి. అడిగిన ప్రతిసారీ 'పేజీ దొరకలేదు' అని ఒక వరుస పడుతుంది. నిమిషానికి ఒకటి చొప్పున వస్తే రోజుకు 1440. అంటే 16 గంటల 40 నిమిషాలకే వెయ్యి నిండిపోతాయి. రాత్రి 9 గంటలకు జరిగిన తప్పు ఆనవాలు మర్నాడు మధ్యాహ్నం 1.40 దాటాక ఎప్పుడైనా పోవచ్చు. నిమిషానికి పది వస్తే ఆ గడువు 100 నిమిషాలే.

చెరిపే పని మాత్రం అప్పటికప్పుడు జరగదు. దాన్ని క్రాన్ చూసుకుంటుంది. వేళ ప్రకారం వాటంతట అవే జరగాల్సిన పనులను నడిపేది క్రాన్. డ్రూపల్‌లో మామూలుగా దాని వ్యవధి 3 గంటలు. ఆ గడువు దాటాక కూడా ఎవరో ఒకరు సైటు తెరిస్తేనే అది కదులుతుంది. ఖాళీ చిట్టాలో నిమిషానికి పది లెక్కన 3 గంటల్లో 1800 వరుసలు చేరితే, క్రాన్ వచ్చి పాత 800 తీసేస్తుంది.

ఈలోగా చూసుకోవడానికి డ్రష్ ఉంది. ఇది కమాండ్ లైన్ పనిముట్టు. బ్రౌజర్ అక్కర్లేకుండా సర్వర్‌లో ఆదేశాలు టైపు చేసి పని జరిపించుకోవచ్చు. 'డ్రష్ వాచ్‌డాగ్ షో' అంటే చివరి 10 నమోదులు చూపిస్తుంది (వాచ్‌డాగ్‌కూ షోకూ మధ్య కోలన్ పెట్టాలి, అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే). కౌంట్ అనే ఆప్షన్‌తో 100 అడిగితే 100 వస్తాయి. కొత్త వెర్షన్లలో 'వాచ్‌డాగ్ టెయిల్' కూడా ఉంది. కొత్త వరుస పడగానే తెర మీద కనిపిస్తుంది. చాలనుకుంటే కంట్రోల్, సి కలిపి నొక్కాలి.

బ్రౌజర్‌లో రిపోర్టుల పేజీ ఉండగా ఇదెందుకు? అక్కడ పేజీకి 50 చొప్పున అవే కనిపిస్తాయి, నిజమే. కానీ సైటు తెల్లతెర చూపిస్తున్నప్పుడు ఆ పేజీ కూడా తెరుచుకోకపోవచ్చు. డ్రష్ వెబ్ సర్వర్ మీదుగా వెళ్లదు కాబట్టి చాలాసార్లు అప్పుడూ చిట్టా చదివి చూపిస్తుంది. డేటాబేసే పడిపోతే మాత్రం అదీ ఏమీ చేయలేదు.

తెలియక ఏదైనా చెడగొడతామేమో అన్న భయం వద్దు. 'షో' చదువుతుందంతే. చెరిపే ఆదేశం వేరే ఉంది, అది కూడా మిమ్మల్ని అడిగాకే చెరుపుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ప్రతి నమోదుకూ ఒక తీవ్రత ఉంటుంది, 0 నుంచి 7 వరకు మొత్తం 8 మెట్లు. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ: 0 ఎమర్జెన్సీ, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 7 డీబగ్. చాలామంది 'ఎర్రర్' అని వడకట్టి చూసి, ఏమీ కనిపించకపోతే నిశ్చింతగా ఉంటారు. కోడ్ తప్పులకు అది పనికొస్తుంది. కానీ లాగిన్ విఫలమైతే డ్రూపల్ దాన్ని 5 అంకె ఉన్న మెట్టులో, నోటీస్‌గా రాస్తుంది. ఎర్రర్లు మాత్రమే చూసేవారికి అది కంటబడదు.

డ్రూపల్ తాళం వేయదా అంటే, వేస్తుంది. ఒకే ఐపీ చిరునామా నుంచి ఒకే ఖాతాకు 6 గంటల్లో 5 సార్లు పాస్‌వర్డ్ తప్పితే ఆపుతుంది. ఒకే చిరునామా నుంచి ఏ ఖాతాలకైనా సరే గంటకు 50 దాటితే ఆపుతుంది. దాడి చేసేవాడి చేతిలో 100 చిరునామాలుంటే? ఒక్కో చిరునామా నుంచి 5 చొప్పున ఒకే ఖాతా మీద 500 ప్రయత్నాలు సాగుతాయి. మీ చిట్టాలో సగం అదే. ఒక్క వరుసకూ ఎర్రర్ గుర్తు ఉండదు. అందుకే రోజుకోసారి 'వాచ్‌డాగ్ షో' ఆదేశానికి టైప్ ఆప్షన్‌లో 'యూజర్' అని పెట్టి విడిగా చూడండి.

చిట్టా పరిమితి కూడా పెంచండి. అడ్మిన్‌లో కాన్ఫిగరేషన్ కింద లాగింగ్ పేజీలో 10,000 ఎంచుకోవచ్చు. నిమిషానికి ఒక వరుస లెక్కన దాదాపు 7 రోజులు నిలుస్తాయి. వరుసకు ఒక కిలోబైట్ అనుకున్నా మొత్తం 10 మెగాబైట్లు, ఫోన్‌తో తీసిన మూడు నాలుగు ఫొటోలంత. జాబితాలో 'ఆల్' అని కూడా ఉంటుంది, దాన్ని ఎంచుకోవద్దు. చిట్టాలో సైటుకు వచ్చినవారి ఐపీ చిరునామాలు కూడా ఉంటాయి. అవసరం తీరాక వాటిని దాచిపెట్టుకోవడం సరికాదు.